వేరు పిలుపు

అరిచే మనిషిని నమ్మొచ్చు గానీ, కోపమొస్తే నోరు కుట్టుకునే మనిషితో వేగలేం. చిన్నకోడలు ఆ రెండో రకం.

టమాటాల పాలీహౌస్‌ని గొట్టం గొట్టం బిగించి నిలబెట్టింది ఆమే. అందులో మూలమడికి మాత్రం భాస్వరం ఎరువు గుప్పెడెక్కువ వేసేది. పరాయి వేళ్లను పీల్చుకు బతికే దొంగకలుపు ఒకటుంది, దాని విత్తనాలు ఆ మన్నులో నిద్రపోతున్నాయి. భాస్వరం చాలకపోతే టమాటా వేరు ఊరుకోదు. మన్నులోకి ఒక పదార్థం వదిలి, తిండి మోసుకొచ్చే మేలుచేసే బూజును రమ్మని పిలుస్తుంది. ఆ పిలుపుకే దొంగకలుపూ నిద్ర లేస్తుంది. కడుపు నిండిన వేరు అంతగా పిలవదు.

ఇదంతా చెప్పేలోపే పెద్దకోడలు అందరి ముందూ కడిగేసింది. “ఎరువు ఇంత దుబారా చేసేదానికి తోటెందుకు? రేపట్నుంచి నేనే చూసుకుంటా.” మామగారు దగ్గి ఊరుకున్నారు. మొగుడు నేల చూశాడు. మూలమడి సంగతి నాలిక చివరిదాకా వచ్చినా చిన్నకోడలు మింగేసింది. వేళ్లు పిలవనీ, మొక్కలు చస్తే చావనీ అనుకుంది. కచ్చగానే అనుకుంది.

పక్క నర్సరీలో కూలికి నారు పోస్తూ రోజూ కంచె మీంచి తొంగిచూసేది. మూలమడి వాడిన రోజు ముద్ద తియ్యగా దిగింది. ఆ ఒక్క మడి పోతే అక్క పొగరు అణుగుతుంది, కాళ్లబేరానికొస్తుంది, ఆ మన్ను తవ్విపోసి మిగతా తోట తను ఏలుకోవచ్చు. అదీ ఆమె ఎత్తు.

రెండో కాపులో పెద్దకోడలు రానే వచ్చింది, చేతిలో ఆకుల్లేని పాలిపోయిన కాడ, దాని నిండా ఊదాపూలు.

“ఇదేం మొక్కే చెల్లీ? టమాటాలన్నీ తల వేలేశాయి.”

“మూలమడిలోనే కదక్కా?” నవ్వు ఆపుకోలేకపోయింది చిన్నకోడలు.

“పోయిన కాపులో అక్కడే. ఎండిపోయాక దీంతోపాటే మొక్కలన్నీ పీకి ఎరువుకుప్పలో వేశాం. కొనే ఎరువు దండగని ఆ కుప్పే అన్ని మడులకీ చల్లించా. ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే. నావల్ల కాదు తల్లీ, తోట నువ్వే తీసుకో.”

చిన్నకోడలి నవ్వు ఆగిపోయింది. దుమ్ములాంటి ఆ విత్తనం మన్నులో ఏళ్ల తరబడి చావదు.

“ఇక అక్కడ టమాటా పండదక్కా,” అంది. “నేను ముందే చెప్పాల్సింది.”

“నీకు తెలుసా?” అంది పెద్దకోడలు.

చిన్నకోడలు మళ్లీ నోరు కుట్టుకుంది.