పెద్దనాయన పోయిన ఏడు నేనెక్కిన కొండ

మా పెద్దనాయన పోయాడని నాన్న ఫోన్ చేసేసరికి నేను ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున కూర్చుని రొట్టె తింటున్నాను. తెల్లవారుజామున తోటలో నీళ్లు కడుతూ గట్టు మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదట. నాన్న గొంతు ఎంత మామూలుగా ఉందంటే, టమాటా ధర చెబుతున్నాడేమో అనుకున్నాను.

నేను కిర్గిజ్‌స్తాన్‌లో మెడిసిన్ చదువుతున్నాను. పరీక్షలయ్యాక మా గుంపు వ్యాన్ మాట్లాడుకుని కొండలు చూడటానికి బయలుదేరింది. ఒక పక్క అవతలి ఒడ్డు కనిపించనన్ని నీళ్లు, ఇంకో పక్క మంచు కప్పుకున్న కొండలు. ఆ రోజు మేం ఎక్కవలసిన కొండ ఎదురుగానే ఉంది. పైకి పోతే ఇంకో చిన్న సరస్సు ఉంటుందని, నీళ్లు పచ్చగా ఉంటాయని డ్రైవరు దారంతా చెబుతూనే వచ్చాడు.

సాయంత్రానికే తీసుకుపోతారు, నువ్వు రాలేవు, తలకు పోసుకో అన్నాడు నాన్న. ఆ తర్వాత, ఇంక ఏడాది కొండ ఎక్కొద్దు అన్నాడు.

తమిళనాడులో ధర్మపురి వైపు మా తెలుగు ఇళ్లలో ఇది గట్టి కట్టుబాటు. ఇంటి మనిషి పోతే తీట్టు అంటాం, అంటే మైల. ఆ ఇంటివాళ్లు ఏడాది పాటు కొండ ఎక్కరు. తీర్థమలై లాంటి దేవుడి కొండల కోసం పుట్టిన మాట అది. గుడి లేని కొండ సంగతేమిటని ఎవరూ అడిగి ఉండరు, మా వైపు గుడి లేని కొండ ఎక్కే అవసరం మేకలు కాసేవాళ్లకు తప్ప ఎవరికీ లేదు మరి. నేను నిలబడ్డ చోటే మన ఏర్కాడు కొండ కంటే ఎత్తు నాయనా అన్నాను. "అయితే దిగొచ్చేయ్" అన్నాడు నాన్న. అన్న పోయిన మనిషి, ఆయన్ని ఏమనగలను?

పెద్దనాయనది మారండహళ్ళి దగ్గర టమాటా తోట. అందరూ క్రేటులో పగుళ్లు పడిన కాయలు అడుగున వేసి నున్నటివి పైన పేరుస్తారు. ఈయన పగుళ్లు పడినవి పైనే పెట్టేవాడు. హోసూరు మండీలో ఈయన సరుకును ఎవరూ కుమ్మరించి చూసేవారు కాదు. ధర తక్కువొచ్చిన రోజు పెద్దమ్మ సణిగేది. ఈయన నవ్వి, కొనేవాడు ఇంటికి పోయి తిట్టుకోడు కదే అనేవాడు. మొండివాడు. ఆ మొండితనమే నన్ను ఇంత దూరం తెచ్చింది.

ఆడపిల్లను అంత దూరం పంపేది లేదని నాన్న భీష్మించుకు కూర్చున్నప్పుడు, ఇంట్లో అందరూ నాకు నచ్చజెబుతుంటే, పెద్దనాయన సంగటి ముద్ద పక్కన పెట్టి అడిగింది ఒక్కటే. "పాపా, నీకు పోవాలని ఉందా?" ఉంది అన్నాను. "ఉందంటాంది. ఇంక మాటలెందుకు?" అని మళ్లీ తినడం మొదలుపెట్టాడు. అంతే, ఆ ఇంట్లో మాట తెగిపోయింది.

నాకు చిన్నప్పటి నుంచీ ఎత్తంటే భయం. మా తోట వెనక గుట్ట ఎక్కించి ఆయనే నడక నేర్పాడు. పైకి చూడొద్దు, ముందుండే రాయి చూడు, ఆయాసమొస్తే నిలబడు కానీ కూర్చోవద్దు అనేవాడు. ఇక్కడికొచ్చాక ప్రతి ఆదివారం ఫోనులో అదే ప్రశ్న. చదువు గురించి కాదు, కొండ ఎక్కినావా అని. లేదంటే చాలు, అన్ని కొండలు పెట్టుకోని కింద కూర్చోని ఏం చూస్తాండావు అని విసుక్కునేవాడు. ఎక్కుతానని మాటిచ్చాను. ఆ మాట తీర్చబోయే రోజే పోయాడు. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

గుంపులో ఎవరూ కదల్లేదు. వెనక్కి పోదామన్నారు కొందరు. గుడి లేని కొండకు తీట్టు ఉండదని సేలం నుంచి వచ్చిన స్నేహితురాలు వాదించింది. నేను ముందు తలకు పోసుకుంటానన్నాను. ఆ సరస్సులోనే మునిగాను. నీళ్లు ఎముకలు కొరికేశాయి. ఆమె ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడి, నా బదులు తనే ఏడ్చింది.

ఒళ్లు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేశాను. ఎక్కుతానని నాన్నకు చెప్పేయాలనే అనుకున్నాను. కానీ ఫోన్ పెద్దమ్మ తీసుకుంది. వెనక ఏడుపులు వినబడుతున్నాయి. ఆమె ఏడవడం లేదు.

"ఎక్కల్లని ఉందా పాపా?"

"ఉంది పెద్దమ్మా. ఆయనకు మాటిచ్చినాను."

"ఎక్కు. నీ ఏడాది గూడా నేనే ఉంటాను. నాది అయినంక నీది. రెండేండ్లు కొండ తొక్కను, దేవునికి నేను చెప్పుకుంటాను. మీ నాయనకు గూడా నేనే చెప్తాను. జడ ఆరబెట్టుకోని పో, జలుబు చేస్తాది."

పెళ్లయిన ఏడు నుంచి పెద్దమ్మ తీర్థమలై ఎక్కని సంవత్సరం లేదు. మోకాళ్లు పట్టేసిన ఏడు కూడా మెట్టు మెట్టుకూ కూర్చుంటూ ఎక్కింది. ఆ మనిషి, మొగుణ్ణి ఇంకా ఇంట్లోనే పెట్టుకుని, నా కోసం రెండేళ్లు వదిలేసుకుంది.

జడ ఆరబెట్టుకోలేదు. పదండి అన్నాను. దేవదారు చెట్లు దాటాక రాళ్లు, రాళ్ల తర్వాత మురికి మంచు. మధ్యలో ఆయాసమొచ్చింది. డ్రైవరు చెయ్యి అందించాడు, వద్దన్నాను. నిలబడ్డాను, కూర్చోలేదు.

పైకి చేరేసరికి ఆ చిన్న సరస్సు నిజంగానే పచ్చగా ఉంది. దాని మీద మబ్బు నీడ నెమ్మదిగా జరుగుతోంది. మా ఇంట్లో ఈ ఏడు కొండ ఎక్కిన మనిషిని నేనొక్కదాన్నే. అప్పటి దాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది, మా ఊళ్లో ఆడవాళ్లు ఏడ్చినట్టు, గొంతెత్తి. ఎవరూ నా దగ్గరికి రాలేదు. ఫోటోలు తీసుకుంటున్నవాళ్లు ఫోన్లు లోపల పెట్టేసి, నాకు వీపు తిప్పి, గాలికి ఎదురుగా వరసగా నిలబడ్డారు. నేను అయిందనేంత వరకూ వాళ్లలో ఒక్కరూ తల తిప్పలేదు.