ప్లగ్గు మావయ్య

మా మావయ్య ఏ గడప తొక్కినా ముందు మనిషిని చూడడు, గోడను చూస్తాడు. లోకమంతా "బాగున్నారా?" అని పలకరించుకుంటుంది. మా మావయ్యకు తెలిసిన పలకరింపు ఒకటే: "ప్లగ్గెక్కడుందండీ?"

ఈ ఒక్క గుణానికే ఆయన పరువు ఆఫీసులో అందరి ముందూ తీశారు. సంవత్సరాంతపు మీటింగులో ఒకరికి వాచీ, ఇంకొకరికి సూట్‌కేసు బహుమతిగా ఇచ్చి, చివర్లో మావయ్యను వేదిక మీదికి పిలిచి చేతిలో ఒక ప్లాస్టిక్ తాబేలు పెట్టారు. "మన కంపెనీలో అందరికన్నా నిదానమైన సర్వేయరు" అని మేనేజరు మైకులో ప్రకటించాడు. హాలంతా ఘొల్లుమంది. నేనే అయితే ఆ తాబేలుతో వాడి నెత్తి మీద ఒకటిచ్చి, సరిగ్గా తగిలిందో లేదోనని ఇంకొకటి ఇచ్చేవాణ్ణి. మావయ్య మాత్రం దాన్ని వెల్లకిలా తిప్పి, పొట్ట తడిమి చూసి, మైకులోనే అడిగాడు: "దీనికి ఛార్జింగు ఎక్కడ పెట్టాలండీ?"

మావయ్య పనిచేసేది ఇన్సూరెన్సు కంపెనీలో. ఎవరింట్లో పైపు పగిలినా, పైకప్పు కూలినా, వంటింట్లో మంటలు లేచినా వెళ్ళి జరిగిన నష్టం చూసి రావాలి. ఒకప్పుడు కాగితాల కట్ట, టేపు, కెమెరా మోసుకుంటూ తిరిగేవాడు. తర్వాత సర్వేయర్లందరికీ పెన్నుతో రాసే ట్యాబులొచ్చాయి. చిన్నప్పటి పలకంత ఉంటుంది. దానితోనే ఫొటో తీసి, ఆ ఫొటో మీదే పెన్నుతో పగుళ్ళు గుర్తుపెట్టి, గది పటం గీసి, ఇంటివాళ్ళ చేత సంతకం చేయించి, నిలబడ్డ చోటినుంచే ఆఫీసుకు పంపేయొచ్చు. "ఇంక రోడ్డే మీ ఆఫీసు" అని మేనేజరు మురిసిపోయి బల్లలు కూడా పీకించేశాడు. బ్యాటరీ పొద్దుట్నుంచి రాత్రిదాకా వస్తుందని హామీ ఇచ్చాడు. అందరికీ వచ్చేది కూడా. మావయ్య చేతిలో మాత్రం ఆ ట్యాబు ఇంటింటికీ పాలడిగే చంటిపిల్ల.

దాన్ని చంటిపిల్లలాగే చూసుకునేవాడు. తెర పై మూల పగిలిందని, వేలు తెగితే అంటించుకునే ప్లాస్టరు అంటించాడు. పెన్ను పోతుందని బూటులేసుతో మెడకు కట్టుకున్నాడు. ఆ లేసు తన కుడి బూటుదే కావడంతో, కుడికాలు తీసి వేసినప్పుడల్లా టపటపమని చప్పుడు. ఆయన వీధి మలుపులో ఉండగానే ఇళ్ళలో వాళ్ళకు తెలిసిపోయేది.

ఒకరింట్లో పైకప్పు పెచ్చులూడిపడ్డాయని వెళ్ళి, చేపల తొట్టి ప్లగ్గు పీకాడు.

"అయ్యో, చేపలకు గాలాడదండీ!" అంది ఇల్లాలు.

"నేనాడిస్తాగా. మీరు చెప్పండమ్మా, పెచ్చు పడ్డప్పుడు ఎవరెక్కడున్నారు?" అంటూ గ్లాసుతో తొట్టిలో నీళ్ళు ముంచుతూ, పైనుంచి పోస్తూ, ఆవిడ కథంతా అయ్యేదాకా కూర్చున్నాడు.

పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని కూడా ఆయన వేలు గోడకేసే చూపించిందట. నొప్పి కాబోలనుకుని ఆ డాక్టరు ఇంకో సూది పొడిచాడు. సాయంత్రం దాకా మావయ్య సగం నోటితోనే ప్లగ్గడిగాడు.

"మీ మావయ్య పోయాక స్వర్గానికీ పోడు, నరకానికీ పోడు. నేరుగా కరెంటాఫీసుకు పోతాడు" అనేది అత్తయ్య.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో నేను కాలేజీ మధ్యలో వదిలేసి, వెళ్ళిన ప్రతిచోటా 'తర్వాత చెబుతాం' అనిపించుకుని, గది తలుపేసుకుని, తూకానికి కొన్న పాత పుస్తకాలు చదువుతూ లోకం మీద పళ్ళు నూరుతుండేవాణ్ణి. అమ్మతో కూడా మాట్లాడేవాణ్ణి కాదు. పళ్ళెం తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. ఆ తలుపును అదరక బెదరక తోసుకొచ్చేవాడు మావయ్య ఒక్కడే. సాయంత్రమయ్యేసరికి టపటపమని ఒంటి బూటు.

"ఒరే అల్లుడూ, ప్లగ్గు."

"హాల్లో ఉందిగా!"

"అది వదులురా. నీ పుస్తకాల బీరువా వెనకాలదే గట్టిది."

పొట్ట లోపలికి పీల్చుకుని, బీరువాకూ గోడకూ మధ్య దూరి, వైరు గుచ్చి, ఒంటినిండా బూజుతో బయటికొచ్చి నా మంచం మీద చతికిలబడేవాడు. ఆ పొడుగాటి వైరు చివర ట్యాబు నా ఒళ్ళో పెట్టేవాడు.

"ఎక్కేలోపు ఈ పటం కాస్త చూడు. నా గీతలన్నీ వంకర."

"ఇది వంటిల్లా, వానపామా?"

"అందుకేగా నీకిస్తున్నది."

గొణుక్కుంటూ సరిచేసేవాణ్ణి. ఏం చదువుతున్నావనేవాడు. నేను పలికేవాణ్ణి కాదు. "ఇంకా ఎక్కలేదురా, చాలాసేపు పట్టేట్టుంది" అని కాళ్ళు బారజాపేవాడు. ఇక లేవడని తెలిసి చెప్పడం మొదలుపెట్టేవాణ్ణి. పుస్తకం రాసినవాణ్ణి, అచ్చేసినవాణ్ణి, నాకు ఉద్యోగమివ్వని వాళ్ళందర్నీ ఒకే తాటికి కట్టి తిట్టేవాణ్ణి.

"అయితే లోకంలో నువ్వొక్కడివే మంచోడివన్నమాట."

"నేనూ కాదు."

"హమ్మయ్య, నాకు తోడు దొరికావు."

అలా తిడుతూ తిడుతూనే ఆ పెన్ను నా చేతికి అలవాటైంది. ఎంత నొక్కితే గీత ఎంత లావొస్తుందో, తలుపు ఎలా వెయ్యాలో, తడిసిన గోడను ఎలా చూపించాలో తెలిసింది. కంపెనీకి కొత్త సర్వేయరు కావాల్సొచ్చినప్పుడు మావయ్యే వెళ్ళి చెప్పాడు: "మా మేనల్లుడున్నాడండీ. మనుషులతో పొసగదు గానీ, గీత మాత్రం తిన్నగా గీస్తాడు." ఇంతకన్నా నిజమైన సిఫార్సు ఇంకొకరికి దొరికి ఉండదు. ఉద్యోగమిచ్చారు.

చేరిన కొత్తలోనే మేనేజరు నన్ను పిలిచాడు.

"మీ మావయ్య ఇంటింటికీ వెళ్ళి చేస్తున్న పనేంటోయ్? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. ఈయన ప్లగ్గడుగుతున్నాడు! నెలాఖరులోగా తన వాటా ఇళ్ళు పూర్తిచెయ్యకపోతే ఫోన్ల దగ్గర కూర్చోబెడతా. ఇంక బయటికి వెళ్ళే పనే ఉండదు."

ఇళ్ళకు వెళ్ళొద్దంటే మావయ్యకు ఊపిరి పీల్చొద్దన్నట్టే. రోగం ఛార్జింగు కాబట్టి మందూ అదేనని, మొదటి జీతంతో ఇటుకంత పవర్‌బ్యాంకు కొనిచ్చాను. చేతిలో పెట్టుకుని బరువు చూసి, "భలే ఉందిరా!" అన్నాడు. మర్నాటికి అది లేదు. బస్సులో మర్చిపోయాడట. రెండోది తెచ్చాను. వానలో తడిసిందట. మూడోది బెల్టుకు తాడేసి కట్టాను. సాయంత్రానికి తాడు మాత్రం వచ్చింది.

"ఏదీ?"

"పాపం ఒకావిడ ఫోను చచ్చిపోయిందిరా. ఇచ్చేశా."

"అది ఉంటే నువ్వు ప్లగ్గులు అడుక్కునే పనుండదు కదా మావయ్యా!"

"అదేరా, ఆ మాటే నేనూ అనుకుంటున్నా" అని ఆవులించాడు.

నెలాఖరు రోజు రానే వచ్చింది. వాటాలో కొన్ని ఇళ్ళే మిగిలాయి. చకచకా చూసుకుంటూ పోతే సాయంత్రానికి గండం గట్టెక్కేస్తుంది. సెలవు పెట్టి నేనే వెంట బయల్దేరాను.

"ఒట్టేసి చెప్పు. ఇవాళ ప్లగ్గు మాటెత్తవు కదా?"

"ఎత్తితే నా నాలుక నీ చేతిలో పెడతా."

మాట మీద నిలబడ్డాడు. మొదటి ఇంట్లో ఫొటో, గీత, సంతకం, టపటపమని బయటికి. రెండో ఇల్లూ అంతే. నా ఛాతీ ఉప్పొంగింది. మూడోది బట్టలు కుట్టే ఒకావిడ ఇల్లు. ఇస్త్రీపెట్టె ఆపడం మర్చిపోయి కుట్టుగది కాల్చుకుంది. ఒంటరి మనిషి. గుమ్మంలోనే స్టూలేసుకుని కూర్చుని ఉంది. గదికేసి చూడటం లేదు, మాకేసీ చూడటం లేదు.

"నా తప్పే. అంతా పోయింది. అలాగే రాసుకుని వెళ్ళండి" అంది.

మసిబారిన గది ఫొటోలు నేనే తీసేశాను. ఇక సంతకమే తరువాయి. మావయ్య ఆవిడ మొహం చూశాడు. తర్వాత గోడ చూశాడు. వద్దు వద్దని తలూపాను. కళ్ళెర్రజేశాను. వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగాను.

"అమ్మా, ప్లగ్గెక్కడుందీ?"

ఆవిడ మొదటిసారి తలెత్తింది. "ప్లగ్గా? ఆ ప్లగ్గే కదయ్యా నా కొంప ముంచిందీ!"

"అది కాదమ్మా, ఇంకోటి. ముంచనిది."

ఆవిడ కాసేపు ఈయన్నే చూసి, చేసేది లేక లేచి, లోపలి గదిలో మంచం జరిపి, చీపురుతో దుమ్ము దులిపి, ప్లగ్గు చూపించింది. మావయ్య వైరు గుచ్చి నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. మెడలోంచి పెన్ను తీసి ఆవిడకిచ్చాడు.

"ఎక్కేలోపు మీ కుట్టుగది ఎలా ఉండేదో గీసి పెట్టండమ్మా."

"నాకు బొమ్మలు రావండీ."

"సుద్దముక్కతో గుడ్డ మీద గీస్తారుగా. ఇదీ అంతే."

భయంభయంగా ఒక గీత పెట్టింది. పెన్ను జారిన తీరు నచ్చిందేమో, ఇంకోటి పెట్టింది. తర్వాత చెయ్యి ఆగలేదు. ఇదిగో మిషను. ఇది దారపు ఉండల అర. ఇక్కడ నిలువుటద్దం, ఒక మూల పగులు, అది ముందునుంచీ ఉంది, మంటల్లో పగల్లేదు, అబద్ధమెందుకూ. ఇది కొలతలకొచ్చే పిల్లల్ని నిలబెట్టే పీట. గీస్తూ గీస్తూ ఎవరి పిల్ల ఎలా మెలికలు తిరిగేదో చెప్పి నవ్వింది. నవ్వుతూ మావయ్యకేసి చూసి ఆగింది.

"ఆ చొక్కా ఎవరు కుట్టారండీ? కుడి భుజం కిందికి కారిపోతోంది."

"మా బావమరిది షాపులో కొన్నదమ్మా."

"ఆయనకూ మీకూ పడదా?"

పెద్దగా నవ్వాం ముగ్గురమూ. సరిగ్గా అప్పుడే నా కంటబడింది. ఆవిడ చెయ్యి ఒరుసుకుని తెర మూల ప్లాస్టరు ఊడింది. దాని కింద పగులు లేదు, బ్యాటరీ బొమ్మ ఉంది, నిండుగా. వైరు వెంట చూపు గోడదాకా వెళ్ళింది. ప్లగ్గు స్విచ్చే వెయ్యలేదు. అలవాటుకొద్దీ వెయ్యబోయాను. మావయ్య లేసు లేని బూటుతో నా కాలు తొక్కాడు.

బయటికొచ్చేసరికి వీధిదీపాలు వెలిగాయి. మిగతా ఇళ్ళు మిగిలిపోయాయి. ఫోన్ల బల్ల ఖాయమైపోయింది.

"మావయ్యా, ఛార్జింగు నిండా ఉంది."

"ఉంటుందిగా. పొద్దున్నే ఇంట్లో పెడతాను."

"మరి ఈ ప్లగ్గుల నాటకమేంటి?"

కాస్త దూరం టపటపమని నడిచాడు. "'మీ గోడు వింటాను, చెప్పండి' అంటే ఎవరైనా చెబుతారట్రా? నువ్వు చెబుతావా? అదే ఏదో ఒకటి అడిగావనుకో, ఇవ్వడానికి తన దగ్గర ఇంకా ఏదో మిగిలిందని మనిషి లేస్తాడు. మంచం జరుపుతాడు."

"మేనేజరు ఆ చుట్ట సామెత చెప్పి తిట్టాడు నిన్ను."

"ఆ సామెతలో వాడు మంచోడేమోరా. చుట్ట కాలేదాకా పక్కనే కూర్చున్నాడేమో, ఎవరు చూశారూ?"

ఇంటికెళ్ళి గదిలో పుస్తకాల బీరువా జరిపాను. బూజులో మావయ్య భుజం ఒరుసుకున్న చారలు ఇంకా ఉన్నాయి. టేబులు లైటు తెచ్చి ఆ 'గట్టి' ప్లగ్గులో పెట్టి స్విచ్చేశాను. వెలగలేదు. అమ్మను పిలిచి అడిగాను.

"అదా? నువ్వు బళ్ళో చదివేప్పుడే చచ్చిందిరా అది. మీ మావయ్యకు ఎన్నిసార్లు చెప్పానో!"

చచ్చిన ప్లగ్గుకోసం ఒక మనిషి అన్ని సాయంత్రాలు బూజులో దూరాడు. లోకాన్ని తిట్టడానికి నా దగ్గర ఇప్పటికీ చాలా కారణాలున్నాయి గానీ, ఆ పూట ఒక్కటీ గుర్తుకు రాలేదు. అమ్మతో కలిసి హాల్లో కూర్చుని అన్నం తిన్నాను.

అన్నట్టే మావయ్యను ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆయన వీధులు నాకిచ్చారు. బల్ల మీద తాబేలును పెట్టుకుని, ఫోనెత్తి ఆయన మొదట అనే మాట: "లైను సరిగ్గా లేదండీ. నిదానంగా, మొదట్నుంచీ చెప్పండి." ఒక్కో ఫోను సాయంత్రందాకా సాగేది. మేనేజరు లైను బాగుచేసేవాణ్ణి పిలిపించి జుట్టు పీక్కున్నాడు. వచ్చినవాడు మావయ్య పక్కన కూర్చుని, తన కొడుకు సంగతంతా చెప్పుకుని వెళ్ళాడట.

తర్వాత రిటైరయ్యాడు. మొన్న అత్తయ్య ఫోను చేసింది.

"ఒరే, ఈయన నాలుగు రోజులుగా పలకడం లేదురా. గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు."

"ప్లగ్గు కేసా?"

"అయితే నేనెందుకు బెంగపడతాను? ఉత్త గోడ కేసి!"

పని ముగియగానే ట్యాబు చంకలో పెట్టుకుని, పెన్ను చెవిలో దోపుకుని పరుగెత్తాను. మావయ్య కుర్చీలో ఉన్నాడు. గుమ్మం పక్కన విప్పిన రెండు బూట్లకూ లేసులున్నాయి. అది చూస్తేనే నాకు దిగులేసింది. బాగున్నావా అని అడగలేదు. గోడలన్నీ కలియజూసి అన్నాను:

"మావయ్యా, ఛార్జింగైపోయింది. ప్లగ్గెక్కడుందీ?"

మెల్లిగా తల తిప్పాడు. నా మొహం చూశాడు, ట్యాబు చూశాడు, ఖాళీగా ఉన్న నా రెండో చెయ్యి చూశాడు. మీసం కింద ఏదో కదిలింది.

"అబద్ధమాడేవాడు వైరైనా తెచ్చుకోవద్దురా, వెధవా? సర్లే, కూర్చో. ఆ పెన్ను ఇలా ఇవ్వు."