ఆయన మొక్కు, నా జుట్టు

నా మొగుడికి బట్టతల. ముప్పై ఐదేళ్లు నిండకముందే తల ముందు భాగమంతా ఊడిపోయి, చెవుల మీద మాత్రం కాస్త అంచు మిగిలింది. ముందే ఎందుకు చెబుతున్నానంటే, మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటూ వేరుపడడానికి మూలం అదే. తల నిండా వెంట్రుకలున్న మనిషయితే తన తలనే మొక్కుకునేవాడు.

మూడేళ్ల కిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు. నలభై ఏళ్లు తిరుపతి నుంచి కొండ మీదికి యాత్రికుల జీపు తోలిన మనిషి. పొద్దున జుట్టుతో ఎక్కి సాయంత్రం గుండుతో దిగే జనాన్ని రోజూ చూశాడు. ఆసుపత్రి మంచం మీద ప్రాణభయం పట్టుకునేసరికి ఆయనకు తోచింది అదొక్కటే. నేను బతికి బయటపడితే నా పెండ్లాం తలనీలాలు ఇస్తుంది స్వామీ అని మొక్కుకున్నాడు. అప్పుడు నేను ఆ ఆసుపత్రి మెట్ల మీదే చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. నర్సమ్మతో కబురు పంపి పిలిపించి అడిగి ఉండవచ్చు. అడగలేదు.

నాకు తెలిసింది ఇంటికి వచ్చిన మూడో రోజు. వీధిలోవాళ్లు చూడడానికి వచ్చారు. నేను మజ్జిగ గ్లాసులు తెచ్చేసరికి ఆయన దిండుకు ఆనుకుని, మీసం దువ్వుకుంటూ చెబుతున్నాడు.

"ఈమె గుండు కొట్టించుకుంటాదని మొక్కినా. అందుకే ఈ పొద్దు మీ ముందర కూసోనుండా."

"ఎవరు కొట్టించుకునేది?" అన్నాను.

"నువ్వే మే. ఇంకెవురు?"

"గుండె నీదీ, గుండు నాదీనా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వకపోవడం ఎవరూ చూడలేదు. ఆ పూటకు అది తమాషాగానే గడిచింది.

నాకు మొక్కుల మీద పేచీ లేదు. మా కూతురికి మూడేళ్లప్పుడు జ్వరం తగ్గకపోతే నేనే మొక్కుకున్నాను, నేనే కొండకు పోయి ఇచ్చాను. ఆ గుండుకు తువ్వాలు చుట్టుకుని లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనికి పోయాను. ఒక్క రోజు కూడా బాధపడలేదు. అది నా నోటితో నేను చెప్పిన మాట. కానీ నా చిన్నప్పుడు మా అమ్మ ప్రతి ఎండాకాలం నన్ను కాళ్ల మధ్య ఇరికించుకుని, పేలు పడ్డాయని మంగలితో గీయించేది. నేను ఏడ్చినా వినేది కాదు. అప్పటి నుంచి నా తల మీద ఇంకొకరు చెయ్యి వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అరవై రెండేళ్లు వచ్చాయి, సగం నెరిసింది, అయినా నడుము దాకా ఉంది. దానికి నేను కుంకుడుకాయ తప్ప ఇంకేదీ పెట్టలేదు.

ఆయన ఒక వారం ఆగి, "శనివారం పోతాండాం, జీపు సెప్పినా" అన్నాడు. నేను కదల్లేదు. ఆ పైవారం మళ్లీ చెప్పాడు. జీపు స్టాండులో ఉన్న పాత స్నేహితులందరికీ ముందే చెప్పి పెట్టాడు. వాళ్లు వీధిలో కనిపించినప్పుడల్లా "ఏం వదినా, ఎప్పుడు?" అనేవారు. నేను మార్కెట్టుకు వేరే సందులోంచి పోవడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆయనకు ఛాతీలో పొడిచినట్టయింది. ఆటోలో తీసుకుపోయాను. వాయువు అన్నారు. తిరిగి వస్తూ ఆటోలోనే, డ్రైవరు వింటుండగా అన్నాడు.

"నన్ను సంపేదాకా నీ మనసు సల్లబడదు."

"వాయువని డాక్టరు చెప్పినాడు గదా."

"డాక్టరుకు ఏం తెలుసు? మొక్కు తీరకపోతే స్వామి వాయువు మాదిరే మొదలుపెడతాడు."

ఆయన నిజంగా భయపడుతున్నాడు. అది నాకు తెలుసు. నేను గుండు చేయించుకుంటే ఆ భయం పోతుంది. చేయించుకుంటే నేను మళ్లీ మా అమ్మ కాళ్ల మధ్య ఇరుక్కున్న పిల్లనవుతాను. ఈ రెండింటి మధ్య నాకు ఇంట్లో నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. ఊడ్చిన చోటే ఊడ్చేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి పోయి నిలబడేదాన్ని. రెండుసార్లు పొంగిపోయాయి. ఆ రెండోసారి ఆయన "సూసినావా, మొక్కు దోషం ఇంటికి కూడా పట్టింది" అన్నాడు. అప్పుడే నేను, "వేరుపడదాం" అన్నాను.

చిత్తూరులో ఉన్న కూతురు ఫోనులో, "ఈ వయసులో సిగ్గులేదామ్మా మీకు" అంది. లేదన్నాను.

పంచాయితీకి చంద్రగిరి నుంచి ఆయన అక్క, కాణిపాకం నుంచి నా తమ్ముడు వచ్చారు. తమ్ముడు గుడి దగ్గర టెంకాయలు అమ్ముతాడు, బేరం వాడికి అలవాటు.

"అక్కా, మూడు కత్తెర్లు ఇయ్యి. మూడంటే మూడు. ఆడోళ్లు శానామంది అంతే ఇస్తారు. కొసలు పోతాయి, గొడవ పోతాది."

"మూడు కత్తెర్లు కుదరవప్పా," అన్నాడు ఆయన. "నేను గుండని మొక్కినా. స్వామికాడ మాట మారుస్తానా?"

"మాట నీదే గదా బావా, నీ మీసం ఇయ్యి. అది గూడా వెంట్రుకే గదా."

ఆయన మీసం మీదికి చెయ్యి పోయింది. ఆ మీసం ఆయనకు జీపు కన్నా ఎక్కువ. దానికి రంగు వేసుకోవడానికి నెలకొకసారి చిన్న అద్దం పట్టుకుని వీధి అరుగు మీద కూర్చునేవాడు.

"మీసం నేను మొక్కలా," అన్నాడు.

వదిన అంతసేపూ వక్కాకు నములుతూ విన్నది. వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అన్నదమ్ములు వేరుపడితే, పెద్ద ఆడబిడ్డ కొత్త పొయ్యి తెచ్చి తన చేత్తో వెలిగించి పాలు పొంగించాలి. ఆమె లేచి బజారుకు పోయి, ఒంటి బర్నరు పొయ్యి ఒకటి కొనుక్కొచ్చి ముందు గదిలో పెట్టింది.

"మొగుడూపెండ్లాలకు ఈ పని నేను యాడా సూళ్లేదు. ఐనా మీ ఇద్దరికీ సిగ్గొస్తాదేమోనని సేస్తాండా. వచ్చిందా?"

పాలు పొంగాయి. ఆమె ఒక గ్లాసు ఆయనకు, ఒక గ్లాసు నాకు ఇచ్చి, "తాగండి. నా తమ్ముడూ నా మరదలూ ఈ పొద్దు అన్నదమ్ములైనారు" అని చంద్రగిరి బస్సెక్కి వెళ్లిపోయింది.

మా ఇల్లు చిన్నది. ముందు గది, వెనక గది, మధ్యలో ఒక పచ్చరంగు తలుపు. ముందు గది ఆయనకు, వెనక గది నాకు వచ్చింది. వీధి కుళాయి ముందు, మరుగుదొడ్డి వెనక. నేను నీళ్లకు పోవాలంటే ఆయన గదిలోంచి పోవాలి, ఆయన దొడ్డికి పోవాలంటే నా గదిలోంచి రావాలి. వేరుపడే ముందు ఈ సంగతి పంచాయితీలో ఒక్కరికీ తోచలేదు. గడియ నా వైపు ఉంది. ఆయన అవతలి నుంచి దగ్గేవాడు, నేను గడియ తీసేదాన్ని. ఆయన తల పక్కకు తిప్పుకుని పోయి, మళ్లీ అట్లాగే వచ్చేవాడు. రోజుకు ఎనిమిదిసార్లు, తొమ్మిదిసార్లు. నేను ఏ పనిలో ఉన్నా నా చెవి ఆ దగ్గు మీదే ఉండేది. కొంచెం ఆలస్యమైతే దగ్గు ఇంకా రాలేదేమని లేచి తిరిగేదాన్ని. వస్తే, వచ్చిందని విసుగు.

మాట్లాడుకునేది లేదు. ఒకనాడు కుళాయి వదిలారు, నేను దొడ్లో ఉన్నాను, నాకు తెలియదు. వచ్చి గడియ తీస్తే పచ్చ తలుపు అవతలి వైపు సుద్దముక్కతో రాసి ఉంది: నీళ్లు వచ్చినాయి.

నేను యాభై మూడేళ్లకు, వీధి బడి వరండాలో ఒక పంతులమ్మ దగ్గర చదువు నేర్చుకున్నాను. అప్పుడు ఈయన, "ఇప్పుడు సదివి ఏ ఆఫీసుకు పోతావ్" అని నవ్వాడు. ఆ మనిషే నాకు తలుపు మీద రాశాడు. నేను చెంగుతో తుడిచి, నీళ్లు పట్టుకున్నాను అని రాశాను. అది నేను ఒక మనిషికి రాసిన మొదటి ఉత్తరం.

అప్పటి నుంచి ఆ తలుపే మా నోరు. గ్యాసు బండి వచ్చింది. కూతురు ఫోను చేసింది. మాత్రలు అయిపోయినాయి. మాత్రలు తెచ్చి గడప మీద పెట్టేదాన్ని. ఆయనకు వంట రాదు. ఆ ఒంటి పొయ్యి మీద టీ తప్ప ఏమీ పొంగలేదు. మెస్సులో తినేవాడు. ఆ సాంబారులో ఎంత ఉప్పు వేస్తారో నాకు తెలుసు. ఒక రోజు తలుపు మీద రాశాడు: మొక్కు సంగతేమి? నేను కింద రాశాను: నాది కాదు. రెండు రోజులు ఆ రెండు మాటలు అట్లాగే ఉన్నాయి. ఎవరమూ తుడవలేదు.

మూడో రోజు ఆయన దగ్గు మారింది. గడియ తీశాను. గుమ్మం పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నాడు. పెదవులు ఎండిపోయాయి. నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను ఎవరికీ చెప్పకుండా కొండకు పోయాను. ఆయన జీపు స్టాండు వైపు కాకుండా బస్సెక్కాను. ఇచ్చేద్దామనే పోయాను, అబద్ధం చెప్పను. చీటీ తీసుకుని కల్యాణకట్టలో వరుసలో కూర్చున్నాను. నా ముందు ఒక పడుచు పిల్ల తడి జుట్టు విప్పుకుని సంతోషంగా కూర్చుంది. క్షవరం చేసే ఆమె నా జుట్టు చేతిలోకి తీసుకుని తూచినట్టు చూసింది.

"ఇంత జుట్టు. ఏం మొక్కుకున్నావమ్మా?"

చెప్పబోయాను. నేను ఏమీ మొక్కుకోలేదు మరి. స్వామి దగ్గర ఏం చెప్పి ఇవ్వాలి? లేచి, వెనకనున్నామెకు చోటిచ్చి వచ్చేశాను.

ప్రసాదం కొనుక్కుని దిగేటప్పుడు వాన. తలకు తువ్వాలు గట్టిగా చుట్టుకున్నాను. నేను చేసిన తప్పు అదొక్కటే. సందు మొదట్లోనే ఆయన అరుగు మీద నుంచి నన్ను చూశాడు. తువ్వాలు చూశాడు, చేతిలో ప్రసాదం సంచి చూశాడు. లేచి వానలోకి వచ్చాడు. నాలుగు నెలల తర్వాత నాతో నోరు తెరిచి మాట్లాడాడు.

"పొయ్యొచ్చినావా మే. ఒక్కదానివే పొయ్యొచ్చినావా. బతికించినావు." ఎదురింటామెకు వినిపించేలా, "మా ఆడమనిషి ఇచ్చేసింది" అన్నాడు. కళ్లలో నీళ్లు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ముఖం నేను చూడలేదు. ఒక్క క్షణం తువ్వాలు అట్లాగే ఉంచుకుందామా అనిపించింది. ఎన్నాళ్లు ఉంచుకుంటాను? అక్కడే, వానలోనే విప్పాను. జుట్టు వీపు మీద పడింది.

ఆయన వెనక్కి తిరిగాడు. లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. నేను నా గదికి పోవాలంటే ఆయన ముందు నుంచే పోవాలి కదా. పోతుంటే అన్నాడు.

"అంత దూరం పోయి ఎందుకు మళ్లుకున్నావు?"

"ఏం మొక్కినావని అడిగినారు. నేనేం మొక్కలేదు. నువ్వు ఒక్క మాట నన్ను అడిగుంటే ఆ ఆసుపత్రిలోనే నీతో కలిసి మొక్కేదాన్ని."

"అడిగితే వద్దంటావేమోనని."

"వద్దంటే ఏమవుతాది?"

ఆయన తడిసిన చొక్కా గుండీలు విప్పుకోసాగాడు. నేను గడియ వేసుకున్నాను.

ఆ రోజూ మర్నాడూ ఆయన మెస్సుకు పోలేదు. దొడ్డికి మాత్రం దగ్గి వచ్చాడు. మూడో రోజు పొద్దున్నే ముందు గది ఖాళీగా ఉంది. చెప్పులు లేవు. మాత్రలు తీసుకుపోయాడా లేదా అని వెతికాను. తీసుకుపోయాడు. అయినా నాకు కాలు నిలవలేదు. సందు చివరికీ ఇంటికీ ఎన్నిసార్లు తిరిగానో. జీపు స్టాండుకు కూడా పోయాను. వాళ్లు "ఏం వదినా" అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశారు.

సాయంత్రం దిగాడు. చెవుల మీది అంచు లేదు, మీసం లేదు. పై పెదవి తెల్లగా, ఎన్నడూ ఎండ చూడనట్టు ఉంది. ఎవరో తెలియని మనిషి మా ఇంట్లోకి వచ్చినట్టుంది. నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేదు.

"నవ్వు," అన్నాడు. "స్వామికాడ సెప్పుకున్నా. నాది గానిది మొక్కినా, నాది ఇంతే ఉండాది, ఇదే తీసుకో అని."

"నాకేం చెప్పుకుంటావు?"

అరగంట తర్వాత తలుపు మీద సుద్ద గీసిన చప్పుడయింది. తీసి చూశాను. నిన్ను అడిగి ఉండాల్సింది, అని ఉంది. కింద నేను, చారు ఉంది అని రాశాను. ఆయన, ఉప్పు? అని రాశాడు. తక్కువే, అని రాశాను.

మా తమ్ముడు ఇది రాజీ అంటాడు. కాదు. మేము మళ్లీ ఒకటి కాలేదు. రెండు గదులే, ఎవరి మంచం వారిదే. చారు ఒకటి అటు పోతుంది, అంతే. మళ్లీ కలిసి ఉందామని ఆయన ఒకసారి అడిగాడు. నేను వద్దన్నాను. వద్దంటే ఏమవుతుందో ఆయనకు ఇప్పుడు తెలుసు, ఏమీ కాలేదు. మీసం మళ్లీ వచ్చింది, తెల్లగా. రంగు వేయడం లేదు.

దగ్గడం కూడా మానేశాడు. ఇప్పుడు తలుపు మీద రెండుసార్లు తట్టి, "రావచ్చునా?" అంటాడు. నా చెవి ఇప్పటికీ దాని మీదే ఉంటుంది, ఆ రోగం పోలేదు. కానీ తలంటుకున్న రోజు మాత్రం వెంటనే లేవను.

"తల ఆరబెట్టుకుంటాండా, రవ్వంత ఉండు," అంటాను.

ఉంటాడు.