కారవాన్‌కు లైన్ క్లియర్

బీటెక్‌లో నాది ఎలక్ట్రికల్. ఈ సంగతి మా మామగారు ఏనాడూ నమ్మలేదు. ఆయన గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. నేనేమో ఇంగ్లండు వచ్చి లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ రాసుకునేవాణ్ణి. కాలేజీ ల్యాబులో వైర్లు కలిపేది నా పక్కవాడు, రీడింగులు రాసుకునేది నేను. అది ఆయనకెవరూ చెప్పలేదు, నా మొహం చూసి కనిపెట్టారు.

ఇరవయ్యేళ్ళ కిందటి మాట. ఆయన మా దగ్గరికి వచ్చిన వేసవిలో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత కారవాన్‌ని, అంటే చక్రాల మీది చిన్న ఇంటిని, కారుకు తగిలించుకుని స్కార్‌బరో దగ్గర సముద్రం ఒడ్డున కారవాన్లు నిలుపుకునే పార్కుకు వెళ్ళాం. రెండో రోజే అందులో కన్వర్టర్ కాలిపోయింది. పార్కువాళ్ళిచ్చే మెయిన్స్ కరెంటును పన్నెండు వోల్టులకు మార్చి లైట్లకూ నీళ్ళ పంపుకూ ఇచ్చే పెట్టె అది. పక్కనున్న బ్రేకర్ల బాక్సు కూడా మాడి నల్లబడింది. రెండూ కొత్తవి కొనుక్కొచ్చి, నేనే బిగిస్తానన్నాను. మామగారు గురువారం విమానం ఎక్కేలోగా ఆయన నోట ఒక్కసారైనా ‘ఇంజనీరు’ అనిపించుకోవాలని నా పంతం.

మర్నాడు పొద్దున్నే పార్కు కరెంటు పోస్టు నుంచి కారవాన్‌కు వచ్చే కేబుల్ పీకేసి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను.

“ఎల్సీ తీసుకున్నారా?” అన్నారు మామగారు.

“కేబులే పీకేశాను కదండీ మామయ్యగారూ.”

“పీకిన కేబుల్ ఇంకోళ్ళొచ్చి పెట్టలేరా ఏంటి?”

ఎల్సీ అంటే లైన్ క్లియర్. కరెంటు డిపార్టుమెంటులో లైను మీద పని చేయించే మనిషి ముందు సబ్‌స్టేషన్‌లో తన పేరు రాయించి కరెంటు ఆపించుకోవాలి. పనయ్యాక ఆ మనిషే వచ్చి సంతకం పెట్టి తిరిగిస్తే గాని మళ్ళీ కరెంటు ఇవ్వరు. రెండు చక్రాల డబ్బాకు ఇదంతా ఎందుకని నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. “నాన్న చెప్పినట్టు చెయ్యండి, లేకపోతే ఇవాళ మనకి టీ కూడా ఉండదు” అంది.

ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో రెండు కాపీలు రాశాను. ఎల్సీ ఆయన పేరు మీద. నాలుగు షరతులు. మూడోది: బంధువులు వచ్చి బతిమాలినా కరెంటు ఇవ్వరాదు.

పార్కు చూసుకునే వార్డెనమ్మకు అరవై దాటి ఉంటాయి. ఎండాకాలంలో కూడా మెరిసే పసుపు జాకెట్ విప్పేది కాదు. మమ్మల్ని బయటికి పొమ్మంటుందనుకున్నాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివి, “మూడో కాపీ లేదా? నా ఫైల్లోకి కావాలి” అంది. ఇన్నేళ్ళూ ఇలాంటి మనిషి కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. మూడో కాపీ రాశాను. మా కరెంటు పోస్టు స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జాకెట్ జేబులో వేసుకుంది. మామగారూ ఆమే చేతులు కలుపుకున్నారు. నన్నెవరూ పట్టించుకోలేదు.

పాత పెట్టె ఊడదీస్తే వెనక గుప్పెడు వైర్లు. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా మా ఆవిడ బొట్టుబిళ్ళలు అంటించాను. ప్లస్‌కు ఎర్రవి, మైనస్‌కు నల్లవి. మామగారు మడతకుర్చీలో కూర్చుని, “ఆ స్క్రూ మళ్ళీ తిప్పండి” అనడం తప్ప ఏమీ మాట్లాడలేదు. మూడింటికి ఆఖరి బ్రేకర్ బిగించి తలెత్తేసరికి కుర్చీ ఖాళీ.

లేకపోతేనేం అనుకుని వార్డెనమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె ఫైలు తెరిచింది.

“ఇది మీ పేరు కాదు కదా, లవ్” అంది. అక్కడివాళ్ళు ఎవర్నైనా అలాగే పిలుస్తారు.

“ఆయన మా మామగారే.”

ఆమె మూడో షరతు మీద వేలు పెట్టింది. నా చేతిరాతే. ‘బతిమాలినా’ అన్న మాట కింద గీత గీసింది కూడా నేనే. ఒళ్ళు మండిపోయింది.

గంటన్నర వెతికాం. బీచిలో లేరు, టాయిలెట్లలో లేరు, చిప్స్ కొట్టు దగ్గర లేరు. చివరికి పార్కు క్లబ్బులో ఇద్దరు ముసలమ్మల మధ్య కూర్చుని, మన తంబోలా లాంటి బింగో ఆడుతూ దొరికారు.

“ఎల్సీ నా పేరునే ఉందిగా అల్లుడుగారూ, ఇంక భయమేముంది?” అన్నారు, కార్డు మీంచి తలెత్తకుండా. ఆ ఆట అయ్యేదాకా లేవలేదు.

వచ్చాక కూడా సంతకం పెట్టలేదు. కారవాన్ బయట అందర్నీ వరసగా నిలబెట్టి చేతులెత్తమన్నారు. వార్డెనమ్మ కూడా ఎత్తింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టారు. నాకు ఓపిక నశించింది.

“ఉన్నదే ముగ్గురం కదండీ! నేను మీ ఎదురుగానే ఉన్నాను కదా!” అని అరిచాను.

ఆయన కోప్పడలేదు. “ఒకసారి నాకు జ్వరమొచ్చి పని మధ్యలో ఇంటికెళ్ళిపోయానండీ. అంతా అయిపోయిందనుకుని నా పేరు మీద ఎవరో సంతకం పెట్టేసి ఎల్సీ తిరిగిచ్చేశారు. మావాడు ఇంకా స్తంభం మీదే ఉన్నాడు” అన్నారు.

నాకు సిగ్గేసింది. ఎత్తిన చేతులు దించలేకపోయాను. ఆయనే దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. వేలికి అంటుకుపోయిన నల్లబొట్టు గిల్లి తీశారు. అప్పుడు మూడు కాపీల మీదా సంతకం పెట్టి, వార్డెనమ్మతో తెలుగులోనే అన్నారు.

“మావాడు దిగాడమ్మా. లైనివ్వండి.”

ఆమెకేం అర్థమైందో గాని, తాళం తీసి స్విచ్ వేసింది. కారవాన్‌లో లైట్లన్నీ వెలిగాయి. మేం కట్టడం మర్చిపోయిన కుళాయిలోంచి నీళ్ళు దూకాయి. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. ఇంజనీరు అనిపించుకోవాలన్న సంగతి ఆయన విమానం ఎక్కాక గాని నాకు గుర్తు రాలేదు.

ఇప్పటికీ ఇంట్లో బల్బు మార్చినా, స్టూలు దిగగానే ముందు గుంటూరుకు ఫోన్ చేసి, “దిగాను మామయ్యగారూ” అని చెబుతాను. ఆయన సరేనన్నాకే స్విచ్ వేస్తాను.