తప్పెవరిదని ఎవరూ అడగలేదు

ఒమన్‌లో నేను ఖర్జూరపు చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నానని మా జగిత్యాల వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. పచ్చి అబద్ధం! పుట్టించింది నేనే, ఉత్తరంలో రాసి ఊరికి పంపిందీ నేనే. ఆ ఒక్క అబద్ధంతో నన్ను నేను నిలువునా ఎలా ముంచుకోబోయానో వినండి. నవ్వొస్తే ఆపుకోకండి.

డెబ్బైల నాటి మాట. అక్కడ సమాయిల్ అనే ఊళ్లో బడి కడుతున్న కంపెనీలో నాకు తాపీ పని. ఇరవై రెండేళ్ల వయసు, వచ్చి మూడు నెలలు. ఒకరోజు మధ్యాహ్నం డ్రైవర్ ఖాదర్ భాయ్, నేను పికప్‌లో సిమెంటు తేవడానికి బయల్దేరాం. తోటల మధ్య మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా గాడిద! ఖాదర్ భాయ్ దాన్ని చూశాడు, బ్రేకు మీద కాలు కూడా వేశాడు. నేను ఆగితేగా? "భాయ్, గాడిద! గాడిద!" అని కేకలు పెడుతూ స్టీరింగు పట్టుకుని నా వైపు గుంజాను.

గాడిద అంగుళం కదల్లేదు. మేం మాత్రం ఒక ఖర్జూరపు చెట్టును కూల్చుకుంటూ వెళ్లి తోటలో ఆగాం. ఖాదర్ భాయ్‌కి చిన్న గీత కూడా పడలేదు. నా కుడి చెయ్యి మాత్రం మోచేతి కింద ఇంకో మోచెయ్యి మొలిచినట్టు వంగిపోయింది.

ఆసుపత్రికి వెళ్లే దారిలో నొప్పికన్నా భయం ఎక్కువైంది. మా దగ్గర బండి గుద్దుకుంటే ముందు జరిగేది వైద్యమా? కాదు, పంచాయితీ! తప్పెవరిదో రోడ్డు మీదే తేల్చి, ఖర్చంతా వాడి నెత్తిన వేస్తారు. ఇక్కడా అంతే అనుకున్నాను. కంపెనీ నన్ను విమానం ఎక్కించేస్తుంది. రెండెకరాలు అమ్మి వచ్చినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని ఊళ్లో దిగాలి?

"భాయ్, నేను బండిలనే లేనని చెప్పు."

"మరి చెయ్యి ఎట్ల ఇరిగిందంటే?"

"చెట్టు మీదికెల్లి పడ్డనంట."

"అరె మియా, ఎన్నడన్న చెట్టెక్కినవా నువ్వు?"

"నీ కాల్మొక్త భాయ్, అట్లనే చెప్పు!"

పాపం, మాట తప్పని మనిషి. ఆసుపత్రిలో కాకినాడ నర్సు రూతమ్మగారు కాగితం తీసి, "బండిలో ఎవరెవరున్నారండీ?" అనగానే, "నేనొక్కణ్ణే" అని దేవుడి మీద ఒట్టేశాడు. నేను ఆ తోటలో చెట్టెక్కిన కథ మొదలుపెట్టాను. పడ్డానని చెప్పి ఊరుకోవచ్చు కదా? నడుముకు కట్టుకున్న తాడు తెగిందన్నాను, గాల్లో మూడు పల్టీలు కొట్టానన్నాను. ఆమె రాసిందాని కింద ఎడమచేత్తో సంతకం కూడా గీకాను.

మూడో రోజు రూతమ్మగారు బిల్లు తెచ్చి నా మంచం మీద పెట్టారు.

"ఇదేందక్కా?"

"నీ బిల్లేనబ్బాయ్. మీ కంపెనీ ఆ బండికి తీసిన ఇన్సూరెన్సులో, తప్పెవరిదైనా సరే, బండిలో ఉన్నోళ్ల ఆసుపత్రి ఖర్చంతా వాళ్లే కట్టేస్తారు. నువ్వేమో బండిలో లేవాయె. చెట్టుకి ఇన్సూరెన్సు ఎవరు తీస్తారు?"

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. "తప్పెవరిదైనానా?"

"ఎవరిదైనా. అసలు అడగనే అడగరు."

"అక్కా, నేను బండిలనే ఉన్న!"

"మొన్న మూడు పల్టీలు కొట్టావుగా?"

"అవన్ని బండిలనే కొట్టిన!"

ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలాసేపే పట్టింది. "నేను నమ్ముతానబ్బాయ్. కానీ నువ్వు సంతకం పెట్టావు, డ్రైవరు ఒట్టేశాడు. కళ్లారా చూసినోళ్లు ఎవరన్నా వచ్చి చెప్పాలి."

ఇంకెవరు చూశారు? గాడిద చూసింది!

మర్నాడు పొద్దున్నే నడుముకి ఖంజర్ అనే వంకర బాకు కట్టుకున్న ఒక పెద్దాయన వార్డులోకి దూసుకొచ్చాడు. ఆ తోట యజమాని సాలిం. నా చెట్టు కథ ఆయన చెవిదాకా వెళ్లిందట. కుర్రతనంలో బొంబాయిలో వ్యాపారం చేసినవాడు, హిందీ గడగడా మాట్లాడతాడు.

"నా చెట్టు మీంచి పడ్డది ఎవడు?" అని గర్జించాడు.

"నేనే... కాదు, నేను పడలేదు!"

"మా నాన్న నాటిన చెట్టది! ఇన్నేళ్లలో ఒక్కణ్ణి కిందపడెయ్యలేదు. దానికి చెడ్డపేరు తెస్తావా? నువ్వు ఏడ్చుకుంటూ బండి తలుపు తీసుకుని దిగడం నా కళ్లతో చూశాను!"

నేను మంచం మీంచి ఎగిరి దూకాను. "అక్కా, సాక్షి! సాక్షి! జెల్ది రాస్కో!"

రూతమ్మగారు రాశారు, సాలిం సంతకం పెట్టాడు, బిల్లు ఇన్సూరెన్సువాళ్లకు వెళ్లింది. నా ఉద్యోగం నిలిచింది! ఆ సంతోషం నన్ను ఊరికే ఉండనివ్వలేదు. "తప్పెవరిదైనా ఫర్వాలేదంటివి గదక్కా, ఇగ మొత్తం చెప్త. ఖాదర్ భాయ్ మంచిగనే బ్రేకేసిండు. స్టీరింగు గుంజింది నేనే!" అన్నాను. అక్కడితో ఆగానా? అంత ఉపకారం చేసిన పెద్దాయనకు అర్థం కాకపోతే ఎలా అని, హిందీలో మళ్లీ వివరంగా చెప్పాను.

సాలిం మొహంలో చిరునవ్వు మెల్లగా మాయమైంది.

"అయితే నా చెట్టును కూల్చింది నువ్వా? నాలుగు రోజుల్నించి ఆ డ్రైవర్ని తిడుతున్నానే!"

ఇన్సూరెన్సు బండిలో ఉన్నవాళ్లకే. చెట్టు బయట ఉంది కదా! చెయ్యి అతుక్కున్నాక ఏడాదిపాటు, ప్రతి శుక్రవారం, కంపెనీలో అందరూ హాయిగా రూమ్‌లో పడుకునే సెలవు రోజున, నేను సాలిం తోటలో, కూలిన చెట్టు చోట నాటిన కొత్త పిలకకు నీళ్లు పోశాను.

మొదటి శుక్రవారమే మోకాళ్లదాకా బురదలో నిలబడి ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో ఇక అబద్ధమాడను. నిజం కూడా, ఎవరైనా అడిగితే తప్ప, చచ్చినా చెప్పను.