మూడో లైను పడ్డాక మా హాల్టు

మస్కట్‌లో అజైబా పేటలోని మా ఆఫీసుకు ఈ వారం కొత్త రైలుమార్గం డ్రాయింగులు వచ్చాయి. లూపులైన్లు, కల్వర్టులు, సరుకు దించే యార్డులు వరసగా సరిచూస్తూ పోతుంటే, మనుషులు ఎక్కే ప్లాట్‌ఫాం ఒక్కటీ లేదని గమనించాను. ముందు సరుకుబండ్లకే, ప్రయాణికుల సంగతి తర్వాత చూస్తారట అన్నాడు పక్క సీటు కేరళ ఇంజనీరు. ఆ మాట విన్నాక ఇక పని సాగలేదు.

మాది ఉత్తర తెలంగాణలో బొగ్గుబండ్లు తిరిగే దారిమీద ఒక చిన్న హాల్టు. రెండు లైన్లు, వాటికి అటొకటి ఇటొకటి మట్టి ప్లాట్‌ఫాంలు, టికెట్లమ్మే రేకుల గది, అంతే. ప్యాసింజరెక్కి చదువుకున్న మన ఈడువాళ్లకు అలాంటి చోటు వేరే వర్ణించనక్కర్లేదు. పాలిటెక్నిక్‌కు పోయే నేను, వాగవతల ఊరి పాలాయన, బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు, ఒక బడిపంతులు, మా మేనమామ, అందరం రోజూ ఒకటే పెట్టె ఎక్కేవాళ్లం. మస్కట్ ఎండల్లో ఏళ్లపాటు సెంట్రింగ్ పనిచేసి కిడ్నీలు చెడి తిరిగొచ్చిన మామకు వారానికి మూడుసార్లు పట్నంలో డయాలసిస్. బస్సు కోసం పెద్దరోడ్డు దాకా నడవడం ఆయన వల్ల కాదు. రైలైతే ఇంటి వెనకనే.

మామ ఆలస్యంగా పొలం గట్టుమీద కనబడిన రోజు పాలాయన ఒక క్యాను ఎక్కించి రెండోది కిందే ఉంచేవాడు. అది ఎక్కేదాకా గార్డు జెండా ఊపడు.

“పెండ్లికొడుకు అస్తుండు సారూ, జర ఓపిక పట్టు.”

“నీ పాలు విరుగుతయిరా, ఎక్కియ్యి” అనేవాడు మామ, ఆయాసపడుతూనే.

మూడో లైను వేస్తున్నారని తెలిసినప్పుడు ఊరంతా సంబరపడింది. సర్వేవాళ్లకు మజ్జిగ పోశారు, పట్టాల పక్క రైతులు పేచీ లేకుండా భూములిచ్చారు. “లైన్లు పెరిగితె బండ్లు పెరుగుతయ్ అల్లుడా, ఇగ నాకు తిప్పలుండది” అన్నాడు మామ. ప్లాట్‌ఫాం ఎక్కడికి జరుపుతారని మాత్రం మాలో ఎవరికీ అడగాలని తోచలేదు. పట్నం పోయే బండి ఆగే ప్లాట్‌ఫాంను తవ్వేసి, సరిగ్గా ఆ చోటనే కొత్త లైను పరిచారు. ఇంకొకటి తర్వాత కడతాం, అప్పటిదాకా బండి ఆగదన్నారు. పొద్దున ఆగని బండి సాయంత్రం ఆగి లాభమేమిటని తిరుగు బండి ఆగడమూ ఎత్తేశారు. మూడో లైనుమీద బొగ్గుబండ్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ప్లాట్‌ఫాం మాత్రం కట్టలేదు.

కొన్నాళ్లు మామను ఆటోలో తీసుకెళ్లాం. ఆ గతుకులకు ఇల్లు చేరేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. “ఇయ్యాల పాణం మంచిగనే ఉన్నది, ఎల్లుండి పోదాం” అనడం మొదలుపెట్టాడు. మూడుసార్లు రెండయ్యాయి, రెండు ఒకటయింది. ముసురు పట్టిన వారం అసలే పోలేదు. ఆ వారం దాటలేదు ఆయన.

దినాల నాడు పాలాయన మోటారుసైకిలుమీద, షాపుల ఆడవాళ్లు ఆటోలో, పంతులు పెద్దరోడ్డు నుంచి నడిచి వచ్చారు. అంతకాలం కలిసి తిరిగినా వాళ్లు మా ఇంటికి రావడం అదే మొదలు. తిన్నారు, మామ మాటలు కొన్ని చెప్పుకున్నారు, ఎవరి దారిన వాళ్లు లేచారు. మళ్లీ కలుద్దామని ఎవరూ అనలేదు. ఆ మాట అనుకునే అలవాటే మాకు లేదు. తెల్లారితే కలిసేవాళ్లం కదా.