రెండో తాడు

మొన్న గోల్‌బజార్‌లో టోటో అనే బ్యాటరీ రిక్షా దిగుతుంటే ఎండకి కాగిన టార్పాలిన్ వాసన గుప్పున కొట్టింది. చేపల కొట్టు మీద కొత్తగా కప్పిన నల్ల టార్పాలిన్ అది. జనం తోసుకుంటూ పోతున్నారు, నాకు మాత్రం అడుగు ముందుకు పడలేదు. ఆ వాసనకి నరసక్క గుర్తొస్తుంది.

నరసక్క తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేశాడు. తాళ్లతో, గిలకలతో బరువులెత్తి దించే పని. కూతురికి సినిమా పిచ్చి. సుభాష్‌పల్లిలో ఒక గది అద్దెకి తీసుకుని, జనం ఫోన్లలో చూసే దెయ్యం సినిమాలు తీసే చిన్న కంపెనీ నడిపేది. నేను చేరేటప్పటికే యాభై దాటిన మనిషి. బెంగాలీలకి దీదీ, మాకు అక్క. ఉద్యోగం లేక తిరుగుతున్న నన్ను "లెక్కలొచ్చేటి?" అని ఒక్క ముక్క అడిగి బడ్జెట్లు రాయడానికి కూర్చోబెట్టింది.

నా మొదటి బడ్జెట్ చూసి పడీపడీ నవ్వింది. "ఏటిరా ఇది! దెయ్యానికి ఇన్ని సీరలేటి, పెళ్లికెల్తాదేటి?" అంది. ఒక్క చీర ఉంచి మిగతావన్నీ కొట్టేసింది. "దెయ్యం ఎంత కనపడితే అంత కర్సు. తలుపు కిర్రుమంటే సాలు, బయం సూసేవోళ్లే తెచ్చుకుంటారు." రాత్రి షూటింగంటే జనరేటరూ, రెట్టింపు బత్తా. అందుకని కిటికీలకి బయటి నుంచి నల్ల టార్పాలిన్లు కట్టించి రాత్రి సీన్లన్నీ పట్టపగలే తీయించేది. లోపల కొలిమిలో ఉన్నట్టుండేది. అబ్బో, అంత పిసినారి మనిషిని నేను చూడలేదు! రెండింటి జోలికి మాత్రం వెళ్లనిచ్చేది కాదు, భోజనం, తాడు. మనిషిని పైకి లేపే సీనుంటే రిటైరైన ఖలాసీలు ఇద్దరుండి తీరాలి. ఒకడు లాగుతాడు. రెండోవాడు విడిగా ఇంకో తాడు పట్టుకుని ఉంటాడు, మొదటిది జారితే కాచుకోవడానికి. పైగా ఒక ఆనవాయితీ పెట్టింది. నటులెక్కే ముందు, ఆ సినిమాకి లెక్క రాసినవాడు ఎక్కి చూపించాలి. మొదటి రెండు సినిమాలకీ నేను నవ్వుతూనే ఎక్కాను.

మూడో సినిమాకి ఒక పాడుబడ్డ బంగళా ఒక్క రోజుకి ఇచ్చారు. దర్శకుడికి పొగ యంత్రం కావాలి. అక్క ససేమిరా అంది. ఆయన దగ్గర మంచి పేరు కొట్టేద్దామని నేను గుట్టుగా యంత్రం తెప్పించి, ఆ డబ్బు కోసం రెండో ఖలాసీ పోలయ్యని రావద్దని ఫోన్ చేశాను. రెండో తాడు చివర కిటికీలోంచి, టార్పాలిన్ కిందుగా బయటికి తీసి వరండా ఇనప కమ్మీకి కట్టేశాను. లోపలున్నవాళ్లకి అటు చివర ఎవరున్నదీ కనపడదు. లాగే సన్యాసి మావయ్యకి పోలయ్య బయటున్నాడనే చెప్పాను. పెద్ద తెలివైనవాణ్ణనుకున్నాను, సిగ్గులేకుండా.

దెయ్యం వేషం వేసిన ఝుమా, ఇరవయ్యేళ్ల పిల్ల, మూల కూర్చుని మరమరాలు తింటోంది. "ఎక్కరా," అంది అక్క.

నేను నడుం మీద చెయ్యి వేసుకున్నాను. "నడుం పట్టేసిందక్కా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "పోలయ్య బయటున్నాడా?"

"ఉన్నాడక్కా."

"ఏటైనా సెప్పాలేటి నువ్వు?"

"లేదక్కా."

బంగళా ఖాళీ చేసే వేళవుతోందని దర్శకుడు గోల. ఝుమా చేతులు దులుపుకుని, నేనెక్కనా దీదీ అంటూ లేచింది. "నువ్వుండవే గుంటా, నానెక్కుతాను," అని అక్క చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుంది. నడుముకి పట్టీ కట్టుకుంది, నిదానంగా, ఒక్కొక్క బకిల్ బిగిస్తూ. పోలయ్య లేడని అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే అందరి ముందూ పరువు పోతుంది, ఉద్యోగమూ పోతుంది. ఏం కాదులే, ఒక్క నిమిషమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

సన్యాసి మావయ్య లాగాడు. అక్క పాదాలు ద్వారబంధం కంటే పైకి లేచాయి. అంతలో ఆయన చెమట చేతుల్లోంచి తాడు సర్రున జారింది. "పోలయ్యా, పట్టు!" అని అరిచాడు. బయట ఎవరూ లేరు. రెండో తాడు ఒక్కసారి బిగిసింది, తుప్పు పట్టిన కమ్మి ఊడి వచ్చింది, దాని దెబ్బకి టార్పాలిన్ చిరిగి గదినిండా ఎండ పడింది. అక్క గచ్చు మీద పడిన చప్పుడు నేను రాయలేను.

తుంటి విరిగింది. సినిమా ఆగిపోయింది. డబ్బు పెట్టినాయన ఆసుపత్రికే వచ్చి నిలదీస్తే, పోలయ్యకి ఒంట్లో బాగోలేక రాలేదని, ఆ తాడు తనే కమ్మీకి కట్టానని చెప్పింది. పోలయ్య చేత కూడా అదే చెప్పించింది. నాలుగో రోజున నేను వెళ్లి ఆవిడ మంచం పక్కన కూలబడి ఏడ్చాను.

"పోలయ్య ఉన్న సోట దగ్గుంటాదిరా," అంది. "ఆ వేళ దగ్గు ఇనపడలేదు."

"తెలిసీ ఎందుకెక్కావక్కా?"

"సెప్తావనుకున్నాను. పట్టీ కట్టుకున్నంతసేపూ నీ మొగమే సూసినాను. నన్నెక్కనిస్తావనుకోలేదురా."

తిట్టలేదు. నాలుగు తిట్టినా, చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. కంపెనీ మూతపడింది. ఆవిడ పోయేదాకా కర్ర సాయంతోనే నడిచింది, ఒక్కరితోనూ నా పేరు చెప్పలేదు.

నేనిప్పటికీ ఇదే పనిలో ఉన్నాను. తాడు సీనుంటే ముందు నేనే ఎక్కుతాను. పట్టీ కట్టుకుంటూ కిందనున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తాను. ఎవడైనా చూపు తిప్పుకుంటే, నిర్మాత నెత్తీనోరూ కొట్టుకున్నా సరే, పట్టీ విప్పేస్తాను. జాగ్రత్త గల మనిషని నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు వినలేక బయటికి వచ్చేస్తుంటాను.

ఈ ఊళ్లో సినిమాలు తీసేవాళ్లు టీ తాగుతూ ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు. ఖలాసీ కూతురై ఉండి, తాడు ఎక్కడ కట్టాలో తెలియక పడిపోయిందట అని నవ్వుతారు. ఇన్నాళ్లూ వాళ్ల పక్కనే కూర్చుని నేనూ టీ తాగాను. ఆ తాడు నరసక్క కట్టలేదు. నేను కట్టాను.